దుగరాజపట్నం: మరచిన రేవు, రావలసిన యాత్రికుడు

తిరుపతి అనగానే ఎవరికైనా కొండ గుర్తుకు వస్తుంది. సముద్రం గుర్తుకు రాదు. ఇది సహజమే. శతాబ్దాల తరబడి ఈ సీమకు వచ్చిన బాటసారి ఏడుకొండల వైపు చూస్తూనే నడిచినాడు. చిత్తూరు జిల్లాకు సముద్రతీరమే లేదు. కాని 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు నెల్లూరు జిల్లా నుండి సూళ్ళూరుపేట, తడ, వాకాడు మొదలైన మండలాలు ఇందులో చేరినవి. దానితో బంగాళాఖాతపు తీరం, పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి, వీటన్నిటితోపాటు దుగరాజపట్నం అనే ఒక పాత రేవు చరిత్ర మనకు వారసత్వంగా లభించినవి. చంద్రగిరి కొండల వైపు నుండి వచ్చి, తిరుచానూరును, శ్రీకాళహస్తిని, నాయుడుపేటను తాకుతూ ప్రవహించే స్వర్ణముఖి నది వాకాడు దాటి సముద్రంలో కలుస్తున్నది. కనుక ఈ బంధుత్వం ప్రభుత్వపు ఉత్తరువుతో మొదలైనది కాదు. నది ఏనాడో కలిపినది.

ఆస్తి చేతికి వచ్చినప్పుడు వారసుడు చేయవలసిన మొదటి పని లెక్క చూచుకొనడం. మన తీరానికి ఉన్న సంపద ఏమిటి? దానిని చూడ వచ్చే యాత్రికుల వల్ల తీరవాసులకు కలుగుతున్న లాభం ఏమిటి? ఈ తీరానికి వచ్చిపోయేవారికి కొదవ ఎన్నడూ లేదు. వచ్చినవారు పోయిన తరువాత ఇక్కడివారికి మిగిలినది ఏమిటి అన్నదే అసలు ప్రశ్న. పర్యాటక రంగాన్ని గురించి ఆలోచించే వారందరూ ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకొనవలసి ఉన్నదని నా అభిప్రాయం.

ముందు చరిత్రను చూద్దాం.

పులికాట్ సరస్సుకు దక్షిణపు కొసన, నేటి తమిళనాడులో, పళవేర్కాడు అనే పట్టణం ఉన్నది. ఆంగ్లేయుల నోట అదే పులికాట్ అయినది. విజయనగర రాజుల కాలంలో అది పేరుపొందిన రేవు. పదహారవ శతాబ్ది ఆరంభంలో ఈ తీరాలను గురించి వ్రాసిన పోర్చుగీసు యాత్రికుడు దువార్తె బార్బోసా ఆ పట్టణపు వర్తకాన్ని, అక్కడి హిందూ, ముస్లిం వర్తకులను ప్రస్తావించినాడు. అరబ్బు నావికుల సంతతిగా చెప్పుకొనే ముస్లిం కుటుంబాలు నేటికీ అక్కడ ఉన్నవి. డచ్చివారు పదిహేడవ శతాబ్ది తొలి దశకంలో అక్కడ అడుగు మోపి, 1613లో గెల్డ్రియా అనే కోటను పూర్తి చేసుకొన్నారు. వారి సమాధుల తోట ఇప్పటికీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకొన్నారు. డచ్చివారి పోటీ వల్ల పులికాట్‌లో వారికి చోటు దొరకలేదు. అప్పుడు సరస్సుకు ఉత్తరపు వైపున దుగరాజపట్నంలో, సుమారు 1626 ప్రాంతంలో, వారు మరొక స్థానాన్ని నెలకొల్పినారు. తమకు సహాయపడిన ఆరుముగ ముదలియారు అనే స్థానికుని పేరును బట్టి దానిని ఆర్మగాన్ అని పిలిచినారని పరంపరగా చెప్పుకొంటారు. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో తగవులు పెరిగి, 1628లో ఆంగ్లేయుల ప్రధాన కార్యాలయం కొంతకాలం ఈ గ్రామానికే తరలి వచ్చినది. ఫిరంగులు నిలిపి రక్షణ ఏర్పాట్లు చేసుకొన్నారు. భారతదేశంలో ఆంగ్లేయులు కోట కట్టుకొన్న మొదటి స్థలంగా చరిత్రకారులు పేర్కొనే చోటు చెన్నపట్నం కాదు, సూరత్ కాదు. మన వాకాడు మండలంలోని దుగరాజపట్నం.

ఆ వైభవం పట్టుమని పదిహేనేళ్ళు నిలువలేదు. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇచ్చిన బంగారు ఫర్మానాతో మచిలీపట్నంలో ఆంగ్లేయుల వర్తకం మళ్ళీ కుదుటబడినది. దుగరాజపట్నంలో మంచి బట్ట చౌకగా దొరకడం లేదని, స్థానిక నాయకులతో పొసగడం లేదని అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా మరొక చోటు వెదకినాడు. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు మదరాసపట్నపు ఇసుకతిన్నెను ఇచ్చినాడు. ఆనాటి విజయనగర ప్రభువులది చంద్రగిరి. దామర్లవారిది కాళహస్తి. నాయకుని తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వెలసినది. 1640లో దుగరాజపట్నం నుండి మనుషులు, సామగ్రి ఓడలకెక్కి మదరాసుకు తరలిపోయినవి. మహానగరమైన మదరాసు పుట్టుకకు అనుమతి ఇచ్చినది మన సీమ పాలకులు; దాని తొలి సామాను వెళ్ళినది మన రేవు నుండి. చంద్రగిరి రాజమహలులో ఉన్న పురావస్తు ప్రదర్శనశాలను దర్శించే విద్యార్థులలో దుగరాజపట్నం పేరు విన్నవారు ఎందరో నాకు సందేహమే.

ఇంతకూ ఈ ఓడలన్నీ దేనికోసం వచ్చినవి? బట్ట కోసం. జావా, మలుకు దీవులలో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండికంటె మన తీరపు అద్దకపు బట్టనే ఎక్కువ ఇష్టపడేవారు. కనుక కంపెనీలు ఇక్కడ వెండి పోసి బట్ట కొని, అక్కడ బట్ట ఇచ్చి సుగంధద్రవ్యాలు కొని, వాటిని ఐరోపాలో అమ్మి లాభపడినవి. నేత పనివానికి ముందుగా ఇచ్చే సొమ్మును దాదనీ అనేవారు. ఆ సొమ్ము పుచ్చుకొన్న నాటి నుండి ధర చెప్పే స్వాతంత్ర్యం అతనికి ఉండేది కాదు. ఓడ నిండినది, మగ్గం మీది మనిషి ఇల్లు నిండలేదు. అంతకంటె విషాదకరమైన విషయం మరొకటి ఉన్నది. కరువులలోను, యుద్ధాలలోను దిక్కులేనివారైన మన తీరపు ప్రజలను వేలాదిగా బానిసలుగా కొని డచ్చివారు బటావియాకు పంపినారు. పర్యాటకుల కోసం చరిత్రను చెప్పేటప్పుడు కోటల అందాన్ని చెప్పి ఈ సంగతిని దాచిపెట్టడం న్యాయం కాదు.

తరువాతి కథ కూడ ఇదే తీరుగా నడిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో బకింగ్‌హాం కాలువ వచ్చినది. 1877-78 కరువులో ఆకలితో ఉన్నవారి చేత కొంత భాగం త్రవ్వించినారు. ఆ కాలువ మీద ఉప్పు, కట్టెలు మదరాసుకు తరలినవి. శ్రీహరికోట అడవిలో కట్టెలు కొట్టిన యానాదుల బ్రతుకు మాత్రం మారలేదు. 1969లో ఆ దీవిని రాకెట్ ప్రయోగకేంద్రానికి ఎంపిక చేసినప్పుడు అక్కడి కుటుంబాలు ఇల్లూ వాకిలీ విడిచి తరలిపోవలసి వచ్చినది. ఆ కేంద్రం దేశానికి గర్వకారణం. అందులో భిన్నాభిప్రాయం లేదు. 1971లో చిన్న రాకెట్‌తో మొదలైన ఆ ప్రస్థానం 1980లో స్వదేశీ వాహకంతో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపినది. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఇక్కడి నుండే బయలుదేరినది. దేశం కోసం చోటు విడిచిన వారికి దేశపు కీర్తిలో కొంత పాలు దక్కవలెనని కోరడం అత్యాశ కాదు.

ఇక నేటి స్థితి చూద్దాం.

మన జిల్లాకు యాత్రికులను పిలువనక్కరలేదు. తిరుమల దర్శనానికి దినానికి సుమారు అరవై, డెబ్బై వేల మంది వస్తున్నారు. వీరిలో నూటికి ఒక్కరు మరునాడు తూర్పు దిక్కుకు వచ్చినా, దినానికి ఆరేడు వందల మంది అవుతారు. కాని వారు రావడం లేదు. సూళ్ళూరుపేటలో 2001 నుండి జరుపుతున్న ఫ్లెమింగో పండుగ కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో తిరిగి జరిగినది. ఆ రెండు మూడు దినాలు జనం క్రిక్కిరిసి వస్తారు. తరువాత ఊరు మామూలే. రాకెట్ ప్రయోగాన్ని ప్రజలు చూడడానికి 2019లో గ్యాలరీ తెరచినారు. చూడవచ్చినవారు తెచ్చుకొన్న అన్నం తిని, ఆకాశం వైపు చూచి, అదే పూట మదరాసుకో తిరుపతికో మరలిపోతున్నారు. తూపిలిపాలెం సముద్రపు ఒడ్డుకు ఆదివారాలు వచ్చేవారిదీ ఇదే వరుస. యాత్రికుడు రాత్రి బస చేయని ఊరిలో సొమ్ము నిలువదు. ఒక రాత్రి ఉన్నవాడు రెండు పూటలు భోజనం చేస్తాడు, పడవ ఎక్కుతాడు, పది మందితో మాట్లాడుతాడు, ఇంటికి ఏదో ఒక వస్తువు కొనుక్కొని పోతాడు. పర్యాటకపు ఆదాయాన్ని తలల లెక్కతో కాక రాత్రుల లెక్కతో కొలవవలసిన కారణం ఇదే.

అతిథి అంటే ఎట్లా ఉండవలెనో నేలపట్టులోని పక్షులను చూచి నేర్చుకొనవచ్చు. దొరవారిసత్రం మండలంలోని ఆ చెరువుకు ఏటా గూడబాతులు వచ్చి, నీటికడప చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని పోతున్నవి. 1976లో ప్రభుత్వం దానిని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించినది. కాని అంతకు చాలా ముందు నుండి గ్రామస్తులే వాటిని కాపాడుతూ వచ్చినారు. కారణం భూతదయ ఒక్కటే కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువు. వచ్చిన అతిథి ఉన్నన్నాళ్ళు తిని, పోతూ పోతూ పంటను మిగిల్చి పోతున్నది. కంపెనీ ఓడ ఆ పని చేయలేదు. రేపటి పర్యాటకుడు ఓడవలె వచ్చిపోవడమా, గూడబాతువలె వచ్చిపోవడమా అన్నది మన ఏర్పాట్లను బట్టి ఉంటుంది.

ఆ ఏర్పాట్లలో మొదటిది సరస్సు రక్షణ. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత పులికాట్‌దే రెండవ స్థానం. సముద్రపు ఆటుపోట్లు లోపలికి వచ్చిపోయే ముఖద్వారాలు ఇసుకతో పూడుకొని పోతున్నవి. నీరు మారకపోతే రొయ్య ఎదగదు, చేప రాదు, చేప లేని చోట ఫ్లెమింగో ఉన్నా బెస్తవానికి ఒరిగేది లేదు. వేసవిలో మైళ్ళ కొలది సరస్సు ఎండి బీటలు వారడం చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. రాయదొరువు వంటి ముఖద్వారాలలో ఇసుక తీయించాలని మత్స్యకారులు ఎంతో కాలంగా కోరుతున్నారు. హోటలు కట్టడానికి ముందు జరగవలసిన పర్యాటకాభివృద్ధి ఇదే. నీరు లేని సరస్సుకు ఎన్ని స్వాగత తోరణాలు కట్టినా ప్రయోజనం శూన్యం.

రెండవది పంపకం. పులికాట్ సరస్సు దక్షిణ భాగపు మత్స్యకారులలో ‘పాడు’ అనే ఒక పాత కట్టుబాటు ఉన్నది. మంచి చేప దొరికే చోట్లను చీటీలు వేసి వంతుల ప్రకారం పంచుకొంటారు. బలవంతుడు ఒక్కడే మంచి చోటును పట్టుకొని కూర్చుండే వీలు ఉండదు. పడవ విహారాలకు ఇదే పద్ధతిని ఎందుకు అనుసరించరాదు? భీములవారిపాలెంలో యాత్రికులను ఎక్కించుకొనే పడవల హక్కు ఒక్క గుత్తేదారుకు ఇచ్చుటకంటె, తీర గ్రామాల పడవలకు వంతులు కట్టడం న్యాయం. అయితే పాత పాడులో ఒక లోపం కూడ ఉన్నది. కొన్ని కులాలవారికే అందులో ప్రవేశం. యానాదుల వంటి పేదలు వెలుపలనే ఉండిపోయినారు. కొత్త కట్టుబాటు పాతదాని న్యాయాన్ని తీసుకొని, దాని గోడలను విడిచిపెట్టవలెను.

మూడవది దారి. చంద్రగిరి రాజమహలు, శ్రీకాళహస్తి, నేలపట్టు, సూళ్ళూరుపేట నుండి సరస్సు మధ్యగా శ్రీహరికోటకు పోయే రోడ్డు, సరస్సులోని వేనాడు దర్గా, దుగరాజపట్నం, తూపిలిపాలెం: ఇవన్నీ రెండు దినాలలో హాయిగా చూడదగినవి. శ్రీకాళహస్తిలో కలంకారీ పని నేటికీ సజీవంగా ఉన్నది. ‘కలం’, ‘కారీ’ రెండూ పారశీక పదాలే. పనితనం మన తెలుగువారిది. ఏ అద్దకపు బట్ట కోసం నాలుగు వందల ఏళ్ళ క్రిందట ఓడలు వచ్చినవో, అటువంటి బట్టను నేటి యాత్రికుడు వ్రాసిన కళాకారుని చేతి నుండే కొనగలిగితే, ఆనాటి అన్యాయానికి కొంత పరిహారం జరిగినట్లే. వెంకటగిరి చీర నేసిన వారికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇక్కడ కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చెబుతారు. “పాత రాళ్ళు, పక్షులు కడుపు నింపవు. తీరానికి కావలసినది పెద్ద రేవు, పెద్ద కర్మాగారం” అని వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టం దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు నిర్మించి, మొదటి దశను 2018 చివరికి ముగిస్తామని పేర్కొన్నది. ఆ గడువు దాటిపోయినది, రేవు రాలేదు. 2025లో నౌకా నిర్మాణ కేంద్రం ప్రతిపాదన ముందుకు వచ్చినది. ఉపాధి కలిగించే ఏ పనినీ కాదనడం నా ఉద్దేశం కాదు. కాని ఆ రేవునైనా, ఈ పర్యాటకాన్నైనా ఒకే ప్రశ్న అడుగుదాం: సరస్సు బ్రతుకుతుందా? ఇక్కడి పిల్లలకు పని దొరుకుతుందా, లేక మరొకసారి ఇక్కడివారు కూలి చేయగా ఓడ మరొకచోట దించుకొంటుందా? పెద్ద వాగ్దానం నెరవేరే దాకా చేతులు ముడుచుకొని కూర్చుండడంకంటె, చేతిలో ఉన్న చిన్న పనిని మొదలుపెట్టడం వివేకం.

పర్యాటకం పెరిగితే అన్నీ మంచే జరుగుతాయని కూడ భ్రమపడరాదు. సింహళంలోని గాలె పట్టణంలో డచ్చివారి కోట 1988లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. గోడల లోపల తరతరాలుగా కాపురమున్న కుటుంబాలలో, వారిలో ముస్లిం కుటుంబాలు కూడ అనేకం, చాలామంది ఇండ్ల ధరలు పెరిగినప్పుడు అమ్ముకొని వెలుపలికి పోయినారు. ఇండ్లు అందంగా నిలిచినవి, ఇంటివారు నిలువలేదు. కోట బాగుపడడం, కోటలోనివారు బాగుపడడం రెండు వేర్వేరు సంగతులు. మన తీరంలో భూములు చేతులు మారకముందే ఈ పాఠం నేర్చుకొనడం మంచిది.

ఈ పనిలో మన కళాశాల పాత్ర ఏమిటి? ఉర్దూ, తెలుగు రెండు భాషలు ఒకే కప్పు క్రింద చదువుకొనే అదృష్టం మనది. ఈ తీరపు చరిత్ర ఒక్క భాషలో లేదు. బందరు అన్న మాట పారశీకం. సరంగు అన్న మాటకు మూలమూ అదే. ఆంగ్లేయుల ‘మాన్‌సూన్’ అరబ్బీ మౌసమ్ నుండి వచ్చినదే. గోల్కొండ ఫర్మానాలు పారశీకంలో వ్రాసినవి. దీవులలోని ముసలివారి జ్ఞాపకాలు తెలుగులోను, అరవంలోను ఉన్నవి. పులికాట్‌ను తెలుగువారు ప్రళయకావేరి అని పిలుచుకొన్నారు. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఆ దీవులలోని మాటతీరు ఎంత సంపన్నమైనదో తెలుస్తుంది. ఆ మాటలు పలికే తరం వెళ్ళిపోకముందే వాటిని సేకరించడం రెండు భాషలు తెలిసిన విద్యార్థులకే సాధ్యమైన పని.

అందుచేత కళాశాల కమిటీవారికి మూడు మనవులు. విద్యార్థుల విహారయాత్రలలో ఏటా ఒక్కటి దూరపు చల్లని కొండలకు కాక మన తీరానికి ఏర్పాటు చేయండి. తీర గ్రామాలకు పోయి చేపల పేర్లు, గాలుల పేర్లు, పడవ భాగాల పేర్లు, పాత కథలు వ్రాసుకొని వచ్చిన విద్యార్థుల రచనలలో ఉత్తమమైనదానికి ఒక బహుమతి పెట్టండి. చరిత్ర, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి దుగరాజపట్నం చరిత్రను నాలుగు భాషలలో చిన్న పుస్తకంగా తెచ్చి, గ్రామంలో ఒక ఫలకం నిలుపవలసినదిగా జిల్లా అధికారులను కోరండి. వీటికయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవపు అలంకరణ ఖర్చును మించదు.

విద్యార్థి మిత్రులారా, ఊరి చరిత్ర తెలిసినవాడు ఊరిలో ఉద్యోగం సృష్టించుకొనగలడు. మార్గదర్శిగా నిలిచి ఉర్దూలో హైదరాబాదు యాత్రికునికి, అరవంలో చెన్నై యాత్రికునికి, తెలుగులో మనవానికి ఈ తీరపు కథ చెప్పగల యువకుడు కంపెనీ ఓడ కోసం ఎదురుచూడనక్కరలేదు. ఫ్రాన్సిస్ డే దుగరాజపట్నంలో లాభం కనిపించక వెళ్ళిపోయినాడు. అతనికి అది ఒక మజిలీ మాత్రమే. వెళ్ళిపోయే స్వేచ్ఛ అతనికి ఉన్నది. వెళ్ళిపోవడానికి మరొక ఊరు లేనివారు చూడవలసిన లాభం వేరు. ఆ లాభం లెక్క వ్రాయవలసిన చేతులు మీవే.